చచ్చింది ఎవరప్పా?

అయ్యవారు పోయాడని చెప్పడానికి వచ్చినవాడు ముందు నవ్వాడు. తర్వాత కండువాతో మూతి తుడుచుకుని, ముఖం కాస్త దిగులుగా పెట్టుకున్నాడు.

"తొంభై దాటుంటాయి లేమ్మా," అన్నాడు. "బాగానే బతికినాడు. మనల్ని బతకనీకుండా."

ఇతన్ని డోన్‌లో అందరూ గడ్డి అంటారు. గూడ్సు షెడ్డులో గుమాస్తాగా చేసి రిటైరయ్యాడు. తల్లిదండ్రులు పెట్టిన పేరు ఒకటి ఉండే ఉంటుంది. అయ్యవారు పెట్టిందే నిలిచింది.

"నువ్వు పోయినావా చూడ్డానికి?" అని అడిగాను.

"పోకుండా ఉంటానా? నిజంగా పోయినాడో లేదో చూసుకోవల్ల గదా," అని మళ్ళీ నవ్వాడు.

అతను కాఫీ తాగి వెళ్ళాక ఇది రాయడానికి కూర్చున్నాను. నేను అక్షరాలు నేర్చుకుంది మనవళ్ళు పుట్టిన తర్వాత, అదీ తెలుగు మాత్రమే. ఇంగ్లీషు ఇప్పటికీ రాదు. అయినా అయ్యవారి అరుగు మీద విన్న ఇంగ్లీషు వాక్యాలు చాలానే గుర్తున్నాయి. ఆయన ఒక్కోదాన్నీ తెలుగులోకి దింపి, రాసినవాడి ముఖాన పులిమేవాడు. అట్లా పులిమిన తెలుగే నాకు గుర్తు.

కర్నూలు రాజధానిగా ఉన్న రోజులవి. ఇంగ్లీషులో నాలుగు ముక్కలు తప్పు లేకుండా రాసేవాడికి ఎక్కడో ఒకచోట కుర్చీ దొరికేది. రైల్వేలోనూ అంతే. పరీక్ష కట్టి, కాంపోజిషన్ గట్టెక్కితే, పట్టాల మీద పనిచేసేవాడు కూడా ఫ్యాను కిందికి పోవచ్చు.

మా ఆయన షంటింగ్‌లో ఉండేవాడు. ఇంజను వెనక్కి నెట్టుకొస్తున్న పెట్టెకూ, నిలబడి ఉన్న పెట్టెకూ నడుమ దూరి, అవి తగిలే సమయానికి కొక్కెం వేసి, వంగి బయటికి రావాలి. ఆయనతోపాటు పనిలో చేరిన ఎర్రగుంట్ల మనిషి ఒకరోజు దూరాడు, బయటికి రాలేదు. రెండు పెట్టెలనూ విడదీసేదాకా వాటి నడుమ నిలబడే ఉన్నాడట. మాట్లాడాడట కూడా. నీళ్ళు అడిగాడట. మా ఆయనే నీళ్ళు పోశాడు. పెట్టెలు విడదీస్తే ప్రాణం పోతుందని అక్కడున్న అందరికీ తెలుసు, నీళ్ళు తాగుతున్నవాడికి కూడా.

ఆరోజు ఇంటికొచ్చి అన్నం ముట్టకుండా, "గుమాస్తా పరీక్ష కడతా," అన్నాడు. వయసు మీరిపోతోంది. మరోసారి కట్టడానికి లేదు. లెక్కల్లో గట్టివాడే, ఇంగ్లీషు కాంపోజిషన్ దగ్గరే దెబ్బతినేవాడు. అయ్యవారి దగ్గర చదివినవాడు తప్పడని ఊరంతా చెప్పుకునేది. అది అబద్ధం కాదు.

అయ్యవారిది కడప. ఏదో హైస్కూల్లో ఇంగ్లీషు చెప్పి రిటైరై, మేముండే రైల్వే క్వార్టర్ల లైన్ల ఎదురుగా నాపరాళ్ళ ఇంట్లో బాడుగకు దిగాడు. ఒంటి మనిషి. పెండ్లాం కడపలో అన్న ఇంట్లో ఉండేది. "అమ్మగారు ఎప్పుడొస్తారు అయివారూ?" అని ఒకసారి అడిగాను. "వచ్చినప్పుడు నీ కండ్లకు కనపడదా?" అన్నాడు. ఆమె రాలేదు.

నాపరాళ్ళ సందుల్లో తేళ్ళు ఉంటాయని ఇంట్లో కూడా బూట్లు తొడుక్కునేవాడు. మధ్యాహ్నం నిద్రకు విప్పినవాటిని సాయంత్రం తొడుక్కునే ముందు గడపకేసి కొట్టి దులిపేవాడు. ఆ చప్పుడు వినగానే రోడ్డవతల బీడీలు కాలుస్తున్నవాళ్ళు వాటిని ఆర్పి అరుగు ఎక్కేవాళ్ళు. తేలు పడిందంటే దాన్ని చంపేవాడు కాదు. పట్టకారుతో పట్టి, కొండి కత్తిరించి వదిలేవాడు. అది తోక ఎత్తుకుని గోడ వెంట పోతుంటే, "చూడండప్పా, ఇంకా కుడతాననే అనుకుంటాంది," అని చూపించేవాడు.

చదువుకు బదులుగా రోజూ సాయంత్రం ఆయన పొయ్యి మీద జొన్నరొట్టెలు చేసి, నంజుకోవడానికి ఊరిమిండి నూరి పెట్టమన్నాడు. అట్లా నేను ఆ ఇంట్లో అడుగుపెట్టాను. నా రొట్టెలను కూడా దిద్దేవాడు. "ఉప్పు ఊరిమిండిలో పడింది, రొట్టె చప్పగుంది. ఎవరిది ఎవరికి పెట్టినావు?" అనేవాడు. మొత్తం తినేవాడు.

అరుగు మీద కూర్చునేవాళ్ళంతా మీసాలున్న మగవాళ్ళే, పిల్లల తండ్రులే. ఒక్కొక్కరినీ నిలబెట్టి, రాసుకొచ్చింది చదివించేవాడు. ఆయన కళ్ళు మూసుకుని వినేవాడు. స్పెల్లింగు తప్పయితే ఊరుకునేవాడు. నిన్నటిని రేపని రాస్తే తల అడ్డంగా ఊపేవాడు. ఒక రకం తప్పు మాత్రం ఆయనకు పండగ. పని ఒకరిదైతే, దాన్ని వాక్యంలో ఇంకొకరి పక్కన పెట్టడం.

"తాడు తెగిన దూడప్పా అది," అనేవాడు. "తల్లి ఏదో దానికి తెలీదు. పక్కన ఏది నిలబడుంటే దాని కిందికే దూరుతాది. నువ్వేమో తల్లిని ఆ మూల కట్టేసి, దూడను ఈ మూల వదిలిపెడితివి. అది పోయి ఎద్దు కింద దూరె."

"మరేం జెయ్యల్ల అయివారూ?"

"దూడను తోలకపోయి తల్లి పక్కన కట్టు. లేదంటే తల్లినే పిలుచుకొచ్చి దూడ పక్కన నిలబెట్టు. మూడో దోవ లేదు."

రొట్టె తడుతున్న నాకు కూడా అర్థమయ్యేది. అక్కడితో ఆపితే అంత మంచి గురువు ఆ చుట్టుపక్కల లేడనేవాళ్ళు. ఆపేవాడు కాదు. వాక్యం ఎట్లా ఉందో అట్లే చేసి చూపించమనేవాడు.

గూడ్సు షెడ్డు మనిషి "గడ్డి మేస్తూ నేను ఒక బర్రెను చూచితిని" అనే అర్థం వచ్చేట్టు రాశాడు. అయ్యవారు కళ్ళు తెరవకుండానే, "గడ్డి మేసేది ఎవరప్పా?" అన్నాడు.

"బర్రె అయివారూ."

"నీ కాగితం అట్ల చెప్పలేదే. నువ్వే మేస్తాండావని చెప్తాంది. నీ కాగితం అబద్ధం చెప్తాదా?"

ఎదురింటి ఎనుము ముందు నుంచి పిడికెడు గడ్డి తెప్పించాడు. అతను నవ్వులాట అనుకుని నోట్లో పెట్టుకుని తీయబోయాడు. "నమలు," అన్నాడు అయ్యవారు. నమిలాడు. "మింగు. బర్రె ఉమ్మేస్తాదా?" అన్నాడు. మింగాడు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అప్పుడు తప్పు దిద్దించి, చక్కటి వాక్యాన్ని మళ్ళీ మళ్ళీ చెప్పించాడు. మరుసటి వారానికి అతని పెండ్లాం బావి దగ్గరికి వస్తే ఆడవాళ్ళు, "గడ్డాయన పెండ్లామొచ్చింది, జరగండే," అన్నారు.

ఇంకొకడు తాడుతో కట్టిన పార్సెల్‌ను స్టేషన్‌మాస్టరు చూశాడని రాయబోయి, తాడును తెచ్చి స్టేషన్‌మాస్టరుకు చుట్టాడు. "పోయి ఆయన్ను కట్టేసి రా పో," అన్నాడు అయ్యవారు. వాడు కదల్లేదు. "అయితే నువ్వే స్టేషన్‌మాస్టరువి," అని బావి తాడుతో కట్టించి, పాఠం అయ్యేదాకా స్తంభం పక్కన నిలబెట్టాడు. దారిన పోయేవాళ్ళు ఆగి చూశారు. వాడూ పరీక్ష పాసయ్యాడు. గడ్డీ పాసయ్యాడు. ఒకసారి ఆ అరుగు మీద సిగ్గు పోగొట్టుకున్నవాడు ఆ తప్పు ఇంకెప్పుడూ చేయలేదు.

మా ఆయన ఇంటికొచ్చి ఇవన్నీ చెప్పి, కడుపు పట్టుకుని నవ్వేవాడు. నేనూ నవ్వేదాన్ని.

ఒక వారం "నేను మిక్కిలి దుఃఖించిన దినము" అని రాసుకు రమ్మన్నాడు. మా అత్త అంతకు ముందే ఎర్రగుంట్లలో కూతురింటికి పోయి, అక్కడే వాంతులై చనిపోయింది. మా ఆయన ఎద్దులబండి మాట్లాడి, ఆమెను పడుకోబెట్టి, తల ఒడిలో పెట్టుకుని కమలాపురం చేర్చాడు. సొంత చేనిలో పూడ్చిపెట్టమని ఆమె ఎప్పుడూ అడిగేది. అది రాశాడు. రాస్తూ రాస్తూ ఆగి, "మాయమ్మ చేతికి ఆపొద్దు గాజులుండెనా?" అని నన్ను అడిగాడు. ఉన్నాయని చెప్పాను. కళ్ళు తుడుచుకుని రాసుకున్నాడు.

ఆ సాయంత్రం నేను లోపల పిండి కలుపుతున్నాను. ఆయన గొంతు వినపడుతోంది. కొంచెం వణుకుతోంది, అయినా బాగానే చదువుతున్నాడు. ఉన్నట్టుండి ఆగింది.

"చచ్చింది ఎవరప్పా?" అన్నాడు అయ్యవారు.

"మాయమ్మ అయివారూ."

"మల్ల చదువు."

చదివాడు. అయ్యవారు దాన్ని నింపాదిగా తెలుగులోకి దింపాడు. "ఎర్రగుంట్లలో చనిపోయి, నేను మా అమ్మను బండిలో కమలాపురానికి తీసుకొనిపోతిని. శానా బాగుండాది. చచ్చినాక గూడా బండి తోలినావంటే గొప్పోడివే. ఎవరన్నా బండి తోలే శవాన్ని చూసినారాప్పా?"

అరుగంతా నవ్వింది. నేను పిండిలో చేతులు పెట్టుకుని అట్లే ఉండిపోయాను.

"పండుకో," అన్నాడు అయ్యవారు.

"అయివారూ, మాయమ్మ..."

"మీయమ్మ బతికే ఉండాది. నీ కాగితంలో చచ్చింది నువ్వు. దక్షిణానికి తల పెట్టి పండుకో. కాలి బొటనవేళ్ళు కట్టండప్పా. శవమంటే శవం మాదిరి ఉండల్ల."

కాసేపు నవ్వులు, కాసేపు గుసగుసలు. తర్వాత, "ఏమ్మే, ఇట్ల రా," అని కేక. పిండి చేతులతోనే బయటికి వచ్చాను. మా ఆయన చాప మీద వెల్లకిలా పడుకుని ఉన్నాడు. బొటనవేళ్ళకు దారం. కళ్ళు మూసుకున్నాడు కానీ రెప్పలు అదురుతున్నాయి. ఎవడో చేతిని నోటికి పెట్టుకుని శంఖం ఊదినట్టు ఊదుతున్నాడు.

"వచ్చిందప్పా ఏడ్చే మనిషి," అన్నాడు అయ్యవారు. "నీ మొగుడు పోయినాడమ్మా. ఏడువు."

లేచి వస్తాడేమో అని ఒక్క క్షణం మా ఆయన వైపు చూశాను. లేవలేదు. పరీక్ష దగ్గర్లో ఉంది.

నేను ఏడ్చాను.

మా పుట్టింటి వైపు ఆడవాళ్ళు శవం పక్కన కూర్చుని రాగం తీసి ఏడుస్తారు. ఆ ఏడుపులో ఎవరిని ఏమన్నా అడ్డు లేదు. బతికుండగా చెప్పలేని మాటలన్నీ అప్పుడే చెప్తారు. అన్ననూ తమ్ముణ్ణీ, అత్తనూ, పాలివాళ్ళనూ, ఊరి పెద్దనూ అందరినీ తిడతారు. తిట్టించుకున్నవాళ్ళు తల వంచుకుని వింటారు. నేను చాప పక్కన కూలబడి, రొమ్ము బాదుకుని మొదలుపెట్టాను.

"నా యప్పా, నా సామీ! రైలు పెట్టెల నడుమ దూరి బతికొస్తివే, ఈ అరుగు మీద పోతివే! సదువు సెప్తానని పిలిసి సంపినాడే! తల్లి సావును నవ్వులాట జేసినాడే! కట్టుకున్నదే మొగం సూడని మనిసి పంచకు నిన్ను పంపితినే! ఈ ఇంటి పొయ్యి ఆరిపోనూ, ఈ నోట మన్ను పడనూ..."

మొదట నవ్వారు. తర్వాత ఆపేశారు. "సాలమ్మా," అన్నాడు అయ్యవారు. నాకు వినపడలేదు. వినపడినా ఆపేదాన్ని కాదు. రైల్వే లైన్లలో నుంచి ఆడవాళ్ళు పరుగెత్తుకొచ్చారు. షంటింగ్ మనిషి పెండ్లాం అట్లా ఏడుస్తోందంటే ఏమయిందో అడగాల్సిన పని లేదు. వాళ్ళలో పెద్దామె ఒకతె వచ్చీరాగానే నా పక్కన కూర్చుని తనూ రాగం అందుకుంది. ఇంకొకామె తలబాదుకుంటూ మా ఆయన కాళ్ళ మీద పడింది. ఆయన లేచి కూర్చున్నాడు.

కాళ్ళ మీద పడిన ఆమె అరిచిన అరుపుకు ఎదురింటి ఎనుము తాడు తెంపుకుంది.

సంగతి తెలిశాక పెద్దామె మా ఆయన వీపున నాలుగు గుద్దులు గుద్దింది. "బతికుండావా నాయనా! పోన్లే. కాకి నెత్తిన తన్నితే దోసం పోను ఉత్తుత్తి సావు కబురు పంపి ఏడిపించుకుంటారే, అట్లే అనుకో. గండం పోయింది." తర్వాత అరుగు వైపు తిరిగింది. "నెత్తి నెరిసినోడివి, ఇదేం ఆటప్పా నీకు? ఇంట్లో ఆడది ఉంటే ఇట్ల ఆడుదువా?"

అయ్యవారు అరుగు మీంచి లేచాడు. లోపలికి పోయి గడియ వేసుకున్నాడు. మా ఆయన లేచి అడుగు వేయబోయి, వేళ్ళ దారం గుర్తులేక బోర్లా పడ్డాడు. అప్పుడు మాత్రం అందరూ నవ్వారు, ఏడ్చిన ఆడవాళ్ళు కూడా.

మరుసటి సాయంత్రం అయ్యవారు ఆయన్ను అరుగు ఎక్కనివ్వలేదు. "శవాలకు నేను పాఠం చెప్పను," అన్నాడట. ఆ తర్వాతి రోజూ అంతే. మా ఆయన నన్ను కొట్టలేదు, తిట్టలేదు. అన్నం తింటూ, "నువ్వు ఏడ్చింది నా సావుకు గాదు, నా పరీక్షకు," అన్నాడు. ఆ మాటతో నాతో మాట్లాడటం మానేశాడు. యార్డులో పెట్టెలు ఢీకొన్న ప్రతిసారీ నేను చేస్తున్న పని ఆపి వినేదాన్ని. తర్వాత ఎవరైనా అరుస్తారేమోనని.

ఇక ఉండలేక నేనే పోయాను. అయ్యవారు బూట్లు దులుపుతున్నాడు.

"తప్పయింది అయివారూ. కాళ్ళు పట్టుకుంటా," అని వంగాను.

బూటు అడ్డం పెట్టాడు. "కాళ్ళు ఎవరైనా పట్టుకుంటారు. ఆపొద్దు నవ్వులాట ఎవరిదమ్మా?"

"మీదే అయివారూ."

"నాదే. నువ్వొచ్చి గుంజుకుంటివి. మల్ల తెచ్చియ్యల్ల."

నాకు అర్థం కాలేదు.

"రేపు నీ మొగుడు వచ్చి మల్ల పండుకుంటాడు. నువ్వొచ్చి మల్ల ఏడుస్తావు. నేను చెయ్యి ఎత్తినప్పుడు మొదలుపెట్టల్ల. దించినప్పుడు ఆపల్ల. ఆనక వాడు పాఠానికి రావచ్చు."

"అది అశుభం అయివారూ. ఒకసారి జరిగిందే సాలు."

"అయితే యార్డుకు పొమ్మను," అన్నాడు. కోపంగా అనలేదు. దారి అడిగినవాడికి దారి చెప్పినట్టు చెప్పాడు.

మా ఆయనకు చెప్పాను. "నీకు ఇష్టమైతేనే," అన్నాడు. ఆ మాట ఎందుకన్నాడో ఇప్పటికీ తెలియదు. నా ఇష్టంతో ఏం పని?

పోయాము. ఆయన పడుకున్నాడు. వేళ్ళు తనే కట్టుకున్నాడు. నేను చాప పక్కన కూర్చున్నాను. అయ్యవారు కళ్ళు మూసుకుని చెయ్యి ఎత్తాడు. నా నోరు తెరుచుకుంది, గొంతు రాలేదు. "మొన్న అంత అరుస్తివే," అన్నాడు. చెయ్యి అట్లే ఉంది. మా ఆయన పెదవులు కదలకుండా, "ఏడువు," అన్నాడు. నాకు మాత్రమే వినపడేట్టు అన్నాడు.

నా యప్పా అన్నాను. నా సామీ అన్నాను. రాగం తీశాను. తిట్లు లేవు, ఉత్త రాగమే. అరుగు మీద ఎవరూ నవ్వలేదు. గడ్డి తల తిప్పుకుని రోడ్డు వైపు చూస్తున్నాడు. అయ్యవారు వింటూ ఉన్నాడు, కాంపోజిషన్ విన్నట్టే. నేను ఊపిరి అందుకుని ఇంకో మాట ఎత్తుకున్నాను. అది సగంలో ఉండగా చెయ్యి దించాడు. ఆపాను.

"ఇప్పుడు సరిగా చెప్పప్పా," అన్నాడు. మా ఆయన పడుకునే, కళ్ళు తెరవకుండానే, ఆ వాక్యాన్ని ఇంగ్లీషులో, తర్వాత తెలుగులో చెప్పాడు. ఎక్కడా తడబడలేదు. ఎర్రగుంట్లలో మా అమ్మ చనిపోయిన తర్వాత నేను ఆమెను కమలాపురం తీసుకొనిపోతిని. తల్లిని పిలుచుకొచ్చి దూడ పక్కన నిలబెట్టాడు.

"లే," అన్నాడు అయ్యవారు. "తర్వాత ఎవరప్పా?"

తర్వాతివాడు లేచి చదవడం మొదలుపెట్టాడు. నేను లోపలికి పోయి రొట్టెలు చేశాను. అయ్యవారు అన్నీ తిన్నాడు. ఆరోజు ఉప్పు గురించి ఏమీ అనలేదు.

మా ఆయన పాసయ్యాడు. యార్డు నుంచి గూడ్సు ఆఫీసుకు మారాడు. కుర్చీలో కూర్చుని చేసే పని. పొట్ట వచ్చింది, కళ్ళద్దాలు వచ్చాయి. పాసైనరోజు నిమ్మకాయ పట్టుకుని అయ్యవారి దగ్గరికి పోయి కాళ్ళకు మొక్కి వచ్చాడు. నన్ను రమ్మనలేదు, నేనూ పోతాననలేదు. అయ్యవారు ఆ తర్వాత కూడా చాలా ఏళ్ళు ఆ అరుగు మీద మనుషులను దిద్దాడు. ఆయన దగ్గర చదివి ఎంతమంది ఎక్కడెక్కడ కుర్చీల్లో కూర్చున్నారో నేను చెప్పలేను.

మా ఆయన రిటైరయ్యాక, ఒళ్ళంతా సరిగా ఉన్న మనిషిగా, ఇంట్లో మంచం మీద పోయాడు. షంటింగ్‌లో చేరినవాళ్ళలో అట్లా పోయినవాళ్ళు తక్కువ. నేను కోరుకుంది అదే, నాకు దక్కింది. ఆయన్ను కిందికి దించి పడుకోబెట్టారు. మా పుట్టింటి నుంచి ఆడవాళ్ళు వచ్చారు. పెద్దదాన్ని కాబట్టి రాగం నేను ఎత్తుకోవాలని అందరూ నా ముఖం చూస్తూ కూర్చున్నారు. "ఏడువు వదినా, నువ్వెత్తుకుంటే గదా మేము అందుకునేది," అంది మా తమ్ముడి పెండ్లాం.

నోరు తెరిచాను. ఎవరైనా చెయ్యి ఎత్తుతారేమోనని చూస్తూ కూర్చున్నాను.